పరగడుపు రక్తపరీక్ష – ఎందుకు?

‘లంఖణం పరమౌషధం’ అన్నారు మన పెద్దలు. జబ్బు చేసినప్పుడు కడుపు మాడ్చుకోవటం ఎంతవరకు మంచిదన్న సంగతి వైద్యులకు వదిలేద్దాం. ఈ వ్యాసంలో మనం మాట్లాడుకోబోయే లంఖణం మందు కాదు. అది ఒక కొలతకు పెట్టిన షరతు. కొలెస్టరాల్ పరీక్షకు వెళ్ళేవారితో లాబొరేటరీ వారు “రాత్రి భోంచేశాక ఇంకేమీ తినకుండా, పొద్దున్నే పరగడుపున రండి” అని చెప్పటం మనలో చాలామంది విన్నదే. ఎందుకని అడిగేవారు తక్కువ. అడిగినా “అలాగే రావాలండీ” అన్న జవాబుతో సరిపెట్టుకుంటారు.

కారణం తెలియని నియమం రెండు విధాలుగా చెడుతుంది. ఒకాయన “కప్పు టీకి ఏమవుతుందిలే” అని తాగేసి వెళతాడు. ఇంకొకాయన మంచినీళ్ళు కూడా ముట్టకుండా, రోజూ వేసుకునే బి.పి. మాత్ర కూడా మానేసి, పదకొండు గంటల దాకా బెంచీ మీద కూర్చుంటాడు. మొదటి ఆయన నియమాన్ని తేలిక చేశాడు. రెండో ఆయన అక్కర లేనంత బరువు చేసుకున్నాడు. ఇద్దరికీ తెలియవలసిన సంగతి ఒకటే: ఆ పరగడుపు దేనికోసం? కొలెస్టరాల్ కోసం అని మనం అనుకుంటాం. నిజానికి చాలావరకు అది కొలెస్టరాల్ కోసం కాదు. దానితోపాటే కొలిచే ట్రైగ్లిజరైడ్ల కోసం, వాటి మీద ఆధారపడిన ఒక లెక్క కోసం. ఈ విషయమే కొంచెం వివరంగా చూద్దాం.

కొలెస్టరాల్ అంటే ఏమిటి?

ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రూల్ 1815లో పిత్తాశయపు రాళ్ళలో దొరికే ఒక మైనం వంటి పదార్థానికి ‘కొలెస్టరిన్’ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘కోలే’ అంటే పిత్తం, ‘స్టెరియోస్’ అంటే గట్టిది. ఆ పేరే తరువాత కొలెస్టరాల్ అయినది.

పేరు వినగానే ఇదేదో విషమని భయపడనక్కరలేదు. మన శరీరంలో ప్రతి కణం చుట్టూ ఉండే పొరలో కొలెస్టరాల్ ఉంటుంది. ఆహారంలోని కొవ్వును అరిగించే పిత్తరసపు ఆమ్లాలు, విటమిన్ డి, కొన్ని ముఖ్యమైన హార్మోనులు దీనినుండే తయారవుతాయి. మనం తినేదానికంటె శరీరం స్వయంగా తయారు చేసుకునేదే ఎక్కువ. ఆ తయారీ విధానాన్ని వెలికి తీసినందుకే కొన్రాడ్ బ్లాక్, ఫియోడర్ లైనెన్ అనే శాస్త్రజ్ఞులకు 1964లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. రక్తంలోని మొత్తం కొలెస్టరాల్ ఒక పూట భోజనంతో అమాంతం పెరిగేది కాదు, ఒక పూట పస్తుతో తగ్గేదీ కాదు. అది వారాల తరబడి, నెలల తరబడి నడిచిన తిండికి, శరీర తత్వానికి, వంశపారంపర్యానికి లెక్క చెబుతుంది.

ట్రైగ్లిజరైడ్ల సంగతి వేరు. మనం వంటలో వాడే నూనె, నెయ్యి దాదాపు పూర్తిగా ట్రైగ్లిజరైడ్లే. ఒక గ్లిజరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుంటే ఒక ట్రైగ్లిజరైడు. ఇవి శరీరానికి ఇంధనం. తిన్న ప్రతిసారీ రక్తంలో పెరుగుతాయి, ఖర్చయ్యేకొద్దీ తగ్గుతాయి.

విద్యార్థి భాషలో చెప్పాలంటే కొలెస్టరాల్ ఏడాది పొడుగునా పడిన హాజరు వంటిది. ట్రైగ్లిజరైడ్లు పరీక్ష ముందు రాత్రి చదువు వంటివి. హాజరు ఒక్క రాత్రిలో మారదు. రాత్రి చదివినది మాత్రం పొద్దున్న పేపర్లో కనిపిస్తుంది!

నూనె, నీళ్ళు కలవవు

చారులో పెట్టిన తిరగమోత నూనె పైన తేలుతుంది గాని చారులో కలవదు. రక్తంలో ఎక్కువ భాగం నీరే. మరి కొవ్వు అందులో ఎలా ప్రయాణం చేస్తుంది? శరీరం దీనికో ఉపాయం చేసుకుంది. కొవ్వును లోపల పెట్టి, చుట్టూ నీటితో కలిసే ప్రోటీను, ఫాస్ఫోలిపిడ్ల పొర కప్పి, చిన్న చిన్న గోళాలుగా చేసి పంపుతుంది. వీటినే లైపోప్రోటీనులు అంటారు. కొవ్వు సరుకును మోసే బళ్ళన్నమాట.

వీటిలో మనం తెలుసుకోవలసినవి నాలుగు రకాలు.

ఒకటి, కైలోమైక్రానులు. ఇవి అన్నిటికంటె పెద్దవి. చిన్నప్రేగులలో తయారై, అప్పుడే తిన్న భోజనంలోని కొవ్వును మోస్తాయి. వీటిలో ఉన్న సరుకు దాదాపు అంతా ట్రైగ్లిజరైడ్లే.

రెండు, వి.ఎల్.డి.ఎల్. ఇవి కాలేయంలో తయారవుతాయి. కాలేయం తయారు చేసిన ట్రైగ్లిజరైడ్లను మోస్తాయి. మనం తినకపోయినా ఇవి రక్తంలో ఉంటాయి.

మూడు, ఎల్.డి.ఎల్. వి.ఎల్.డి.ఎల్. తన ట్రైగ్లిజరైడ్ల సరుకు దించేశాక మిగిలే చిన్న గోళం ఇది. ఇందులో కొలెస్టరాల్ ఎక్కువ. ఇది హద్దు మీరితే రక్తనాళాల గోడలలో పేరుకుని గుండెపోటుకు, పక్షవాతానికి దారి తీస్తుంది. కణాలు దీనిని రక్తంలో నుండి ఎలా తీసుకుంటాయో కనుగొన్నందుకు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది.

నాలుగు, హెచ్.డి.ఎల్. కణజాలాలనుండి మిగులు కొలెస్టరాల్‌ను కాలేయానికి తిరిగి చేర్చే పనిలో పాలు పంచుకుంటుంది. అందుకే వాడుకలో దీనిని ‘మంచి కొలెస్టరాల్’ అంటారు.

భోజనం చేశాక రక్తంలో ఏం జరుగుతుంది?

పప్పు, నెయ్యి, వేపుడు, పెరుగుతో ఒక భోజనం చేశాం అనుకుందాం. ప్రేగులలోకి వచ్చిన కొవ్వును పిత్తరసం చిన్న చిన్న బిందువులుగా విడగొడుతుంది. క్లోమరసంలోని లైపేజ్ అనే ఎంజైము దానిని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు ప్రేగుగోడ కణాలలోకి పోయి మళ్ళీ ట్రైగ్లిజరైడ్లుగా అతుక్కుని, కైలోమైక్రానులలో సర్దుకుంటాయి. ఇవి నేరుగా రక్తంలోకి పోవు. ముందు శోషరస నాళాలలోకి పోయి, అక్కడినుండి మెడ దగ్గర ఎడమవైపున ఉన్న పెద్ద సిరలో కలుస్తాయి.

అక్కడినుండి రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరగటం మొదలవుతుంది. మామూలుగా మూడు, నాలుగు గంటలకు ఎక్కువ స్థాయికి చేరుతాయి. ఆ తర్వాత కండరాలలోను, కొవ్వు కణజాలంలోను సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుని ఉండే లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము వాటిని కరిగించి కణాలకు అందిస్తుంది. మిగిలిన శేషాలను కాలేయం తీసుకుంటుంది. ఈ పని ముగిసి రక్తం తేటపడటానికి గంటలు పడుతుంది. అందుకే 9 నుండి 12 గంటలు తినకుండా ఉండి రమ్మంటారు.

గట్టి విందుభోజనం చేసిన కొద్ది గంటలకు రక్తం తీసి, ఎర్రకణాలను వేరు చేసి చూస్తే, పైన మిగిలే సీరం ఒక్కొక్కరిలో పాలు కలిపినట్లు తెల్లగా ఉంటుంది. పాలు తెల్లగా కనిపించటంలో వెన్న బిందువులకు ఎంత పాత్ర ఉందో ఇక్కడ కైలోమైక్రానులకు అంత ఉంది. ఇవి కాంతిని చెదరగొడతాయి. లాబొరేటరీలోని యంత్రాలు చాలావరకు రంగును, కాంతిని బట్టే కొలుస్తాయి కాబట్టి, సీరం బాగా పాలలా ఉంటే ఇతర పరీక్షలు కూడా తప్పవచ్చు.

పాడి ఉన్న ఇళ్ళవారికి ఈ సంగతి ఇంకొక విధంగా కూడా అర్థమవుతుంది. పాలకేంద్రంలో వెన్న శాతం చూసి ధర కడతారు. ఒకే గేదె అయినా ఉదయం పాలకు, సాయంత్రం పాలకు శాతం తేడా వస్తుంది. కనుక రెండు గేదెలను పోల్చి చూడాలంటే రెండింటి పాలూ ఒకే పూటవి అయి ఉండాలి. ఒకదానివి ఉదయం పాలు, మరొకదానివి సాయంత్రం పాలు తీసుకుని పోల్చటం న్యాయం కాదు. పరగడుపు కూడా అలాంటి షరతే. ఈ ఏడాది రిపోర్టును పోయిన ఏడాది రిపోర్టుతోను, మీ రిపోర్టును పుస్తకంలో అచ్చువేసిన ప్రమాణాలతోను పోల్చాలంటే అన్నీ ఒకే స్థితిలో తీసినవి కావాలి.

లెక్కలో ఉన్న కిటుకు

రిపోర్టులో ఎల్.డి.ఎల్. అని ఒక అంకె ఉంటుంది. చాలా చోట్ల ఆ అంకె నేరుగా కొలిచినది కాదు, లెక్క కట్టినది. ఎల్.డి.ఎల్.ను విడిగా కొలవాలంటే ఒకప్పుడు అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అనే ఖరీదైన యంత్రం కావలసి వచ్చేది. ఆ బాధ తప్పించటానికి 1972లో ఫ్రీడ్‌వాల్డ్, లీవీ, ఫ్రెడ్రిక్సన్ అనే శాస్త్రజ్ఞులు ఒక సులువైన సూత్రం ప్రకటించారు. పరగడుపు రక్తంలో ట్రైగ్లిజరైడ్లు దాదాపు అన్నీ వి.ఎల్.డి.ఎల్.లోనే ఉంటాయి. కనుక ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే వి.ఎల్.డి.ఎల్.లోని కొలెస్టరాల్ సుమారుగా వస్తుంది. మొత్తం కొలెస్టరాల్ నుండి హెచ్.డి.ఎల్.ను, ఈ భాగహారపు ఫలితాన్ని తీసివేస్తే మిగిలేది ఎల్.డి.ఎల్. అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాములలో ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వ్యక్తికి పరగడుపున మొత్తం కొలెస్టరాల్ 200, హెచ్.డి.ఎల్. 45, ట్రైగ్లిజరైడ్లు 150 ఉన్నాయనుకోండి. 150ని 5తో భాగిస్తే 30. రెండు వందల లోంచి 45, 30 తీసేస్తే ఎల్.డి.ఎల్. 125.

అదే మనిషి బాగా నెయ్యి, వేపుళ్ళతో తిని, మూడు గంటల తర్వాత రక్తం ఇచ్చాడనుకోండి. మొత్తం కొలెస్టరాల్, హెచ్.డి.ఎల్. అలాగే ఉండి, ట్రైగ్లిజరైడ్లు 250కి పెరిగాయనుకుందాం. ఇప్పుడు 250ని 5తో భాగిస్తే 50. లెక్క ప్రకారం ఎల్.డి.ఎల్. 105!

ఆ మనిషి రక్తనాళాలకు మూడు గంటలలో వచ్చిన మేలు ఏమీ లేదు. పెరిగిన ట్రైగ్లిజరైడ్లు కైలోమైక్రానులలోవి. వాటిలో కొలెస్టరాల్ బహు తక్కువ. సూత్రానికి ఆ తేడా తెలియదు. అన్నీ వి.ఎల్.డి.ఎల్. అనుకుని ఎక్కువ తీసేసింది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, తిని వెళితే చెడ్డ కొలెస్టరాల్ ఎక్కువ చూపిస్తుందని మనం భయపడతాం. కాని ఈ లెక్కలో అది తక్కువ చూపిస్తుంది. లేని ధైర్యం ఇస్తుంది. ఉన్న జబ్బును లేదనిపించే తప్పు, లేని జబ్బును ఉన్నదనిపించే తప్పు కంటె ఒక్కొక్కసారి ప్రమాదకరం.

ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం అసలు పనికిరాదు. అప్పుడు ఎల్.డి.ఎల్.ను నేరుగా కొలిచే పద్ధతి వాడాలి.

అయితే ప్రతిసారీ పరగడుపు తప్పనిసరా?

ఇక్కడ పాఠకులు ఆశ్చర్యపడే సంగతి ఒకటి చెప్పాలి. తప్పనిసరి కాదని నేడు చాలామంది నిపుణులు అంటున్నారు. డెన్మార్కులో 2009 నుండే పరగడుపు లేకుండా ఈ పరీక్ష చేస్తున్నారు. 2016లో ఐరోపా నిపుణుల సంఘాలు మామూలు పరీక్షకు పరగడుపు అక్కరలేదని ఉమ్మడిగా ప్రకటించాయి. 2018లో వచ్చిన అమెరికా మార్గదర్శకాలు కూడా మందులు వాడని పెద్దవారికి మొదటి పరీక్షకు తిని ఇచ్చిన రక్తమైనా సరిపోతుందన్నాయి.

దీనికి కారణం ఉంది. వేలమందిని పరీక్షించి చూస్తే, మామూలు భోజనం తర్వాత ట్రైగ్లిజరైడ్లు సగటున 26 మిల్లీగ్రాములు మాత్రమే పెరిగాయి. మొత్తం కొలెస్టరాల్, ఎల్.డి.ఎల్. సుమారు 8 మిల్లీగ్రాముల చొప్పున తగ్గాయి. హెచ్.డి.ఎల్. దాదాపు మారలేదు. పైన నేను ఇచ్చిన ఉదాహరణ విందుభోజనానిది. రోజూవారీ తిండికి తేడా అంత రాదు. అదీగాక మొత్తం కొలెస్టరాల్ నుండి హెచ్.డి.ఎల్.ను తీసివేస్తే వచ్చే అంకె ఒకటి ఉంది. దానికి ట్రైగ్లిజరైడ్లతో పని లేదు, పరగడుపుతోను పని లేదు. డాక్టరుకు ఆ అంకె కూడా ఎంతో ఉపయోగం.

మరి పరగడుపు ఎవరికి కావాలి? తిని ఇచ్చిన రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 400 దాటినవారు మళ్ళీ పరగడుపున ఇవ్వాలి. వంశంలో ట్రైగ్లిజరైడ్ల జబ్బు ఉన్నవారికి, వాటివల్ల క్లోమం వాచి కోలుకున్నవారికి, వాటిని పెంచే మందులు మొదలు పెట్టబోయేవారికి పరగడుపు అవసరం. అదే రక్తంతో పరగడుపు షుగరు కూడా చూడాలంటే కనీసం 8 గంటలు తినకుండా ఉండవలసిందే.

మన దేశంలో ట్రైగ్లిజరైడ్లను చిన్నచూపు చూడటానికి వీలు లేదు. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిగిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 2014లో వెలువడ్డాయి. అందులో 29.5 శాతం మందికి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగాను, 72.3 శాతం మందికి హెచ్.డి.ఎల్. తక్కువగాను ఉన్నట్లు తేలింది. అన్నం, చక్కెర వంటి పిండిపదార్థాలు మోతాదు మించితే కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి వి.ఎల్.డి.ఎల్.లో పంపుతుంది. నూనె తినకపోతే చాలు, కుండెడు అన్నం తిన్నా ఫరవాలేదనుకోవటం సరి కాదు. పరగడుపున ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. 500 దాటితే క్లోమం వాచే ప్రమాదం ఉంది.

ఉపవాసం వేరు, పరగడుపు వేరు

లాబొరేటరీ వారు ‘ఫాస్టింగ్’ అన్న మాటను మనం ‘ఉపవాసం’ అని తెలుగు చేసుకున్నాం. చిక్కంతా అక్కడే వస్తోంది. మన ఇళ్ళలో శనివారం ఉపవాసమంటే అన్నం మానేసి ఉప్మా తినటం. ఏకాదశి ఉపవాసమంటే పాలు, పళ్ళు తీసుకోవటం. కొందరికి పచ్చి మంచినీళ్ళయినా ముట్టకపోవటం. రక్తపరీక్షకు ఈ మూడూ పనికిరావు. ‘పరగడుపు’ అన్న మన పల్లె మాటే దీనికి సరిగ్గా సరిపోతుంది.

పరగడుపు అంటే పాలు, పంచదార వేసిన టీ, కాఫీ తాగకూడదు. అరటిపండు, బిస్కట్టు, కొబ్బరినీళ్ళు, మజ్జిగ తీసుకోకూడదు. మంచినీళ్ళు మాత్రం తాగవచ్చు, తాగాలి కూడా. నీళ్ళు తాగితే రక్తనాళం తేలిగ్గా దొరుకుతుంది. బి.పి. మాత్ర వంటివి డాక్టరు మానమంటే తప్ప మానకూడదు. ముందు రోజు కల్లు, సారా, బ్రాందీ ఏదైనా తాగితే మర్నాటికి ట్రైగ్లిజరైడ్లు పెరిగి కనిపిస్తాయి. చుట్ట, బీడీ, సిగరెట్టు కూడా పరీక్ష అయ్యేదాకా పక్కన పెట్టాలి. పరుగున వచ్చి వెంటనే చెయ్యి చాపకుండా కొద్ది నిమిషాలు నింపాదిగా కూర్చోవాలి.

మరీ ఎక్కువసేపు మాడటం కూడా మంచిది కాదు. రాత్రి ఎనిమిదికి మామూలు భోజనం చేసి, ఉదయం ఏడు, ఎనిమిది గంటలకు రక్తం ఇస్తే చక్కగా సరిపోతుంది. సాయంత్రం అయిదింటికే తిని, మర్నాడు పదింటి బస్సుకు బయలుదేరితే పదిహేడు గంటలు దాటుతుంది. అది నీరసమే తప్ప నియమం కాదు. మరికొందరు పరీక్ష అనగానే మూడు రోజులు చప్పిడి తిండి తిని వెళతారు. రిపోర్టు డాక్టరును మెప్పించటానికి కాదు గదా! రోజూ ఎలా తింటామో అలా తినే వెళ్ళాలి.

షుగరు ఉన్నవారికి ముఖ్య గమనిక

నియమం ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. మా ఊరి రైతు ఒకాయనకు షుగరు ఉంది. రక్తం ఇవ్వటానికి పట్నం వెళుతూ, తిండి మానేశాడు గాని షుగరు మాత్ర మాత్రం అలవాటుగా వేసుకున్నాడు. వరుసలో తన పేరు వచ్చేసరికి చెమటలు పట్టి, కాళ్ళు వణికి, బెంచీ మీదనుండి ఒరిగిపోయాడు. పక్కనున్నవారు పంచదార నీళ్ళు పట్టబట్టి తేరుకున్నాడు. ఇన్సులిన్ గాని, షుగరును బాగా దించే మాత్రలు గాని తీసుకుని తిండి తినకపోతే రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోతుంది. అది కొలెస్టరాల్ కంటె వేగంగా మనిషిని పడగొడుతుంది.

కనుక షుగరు ఉన్నవారు ముందు రోజే డాక్టరును అడగాలి. ఆ పూట మందు ఎప్పుడు వేసుకోవాలి, అసలు పరగడుపు తమకు అవసరమా అని రెండు ప్రశ్నలూ అడగాలి. పొద్దున్నే మొదటి వరుసలో రక్తం ఇవ్వాలి. సంచిలో టిఫిను, జేబులో కొంచెం పంచదారో, గ్లూకోజో ఉంచుకోవాలి. ఒళ్ళు తూలినట్లయితే పరీక్షను ఆ రోజుకు వదిలేసి వెంటనే తినాలి. పరీక్ష మళ్ళీ చేయించుకోవచ్చు.

మనం చేయవలసింది

పల్లెలనుండి వచ్చి సైన్సు చదువుతున్న మనబోటివాళ్ళకు ఇళ్ళలో ఒక ఉద్యోగం తప్పదు. తాతకో, మేనమామకో, పక్కింటి పిన్నికో వచ్చిన రిపోర్టు చదివి పెట్టటం. “బాబూ, ఇందులో ఏం రాశారు?” అని కాగితం చేతికిస్తారు. అంకెలకు ఎదురుగా ఉన్న గీతలు చూసి ‘ఎక్కువ’, ‘తక్కువ’ అని చెప్పేయటం సులువు. దానికి ముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఏమైనా తిని వెళ్ళారా? ఎన్ని గంటలయింది? ముందు రోజు విందు గాని, మందు గాని ఉన్నాయా? జ్వరం వంటిదేమైనా ఉన్నదా? ఈ జవాబులు తెలిస్తేనే ఆ అంకెలకు అర్థం. అర్థం చెప్పి, వైద్యం చెప్పే పని మాత్రం డాక్టరుకే వదిలిపెట్టాలి.

మరొక మాట. రక్తం ఇవ్వటానికి పొద్దున్నే రాలేక, ఆ పూట కూలి పోతుందన్న భయంతో, అసలు పరీక్షే మానుకునేవారు మన ఊళ్ళలో ఉన్నారు. వారికి తెలియవలసింది ఇది: పరగడుపున ఇవ్వగలిగితే మంచిదే. వీలు కాకపోతే ఆ సంగతి చెప్పి, తిన్న టైము రాయించి, తినే రక్తం ఇవ్వవచ్చు. మొదటిసారి చూసుకునేవారికి చాలావరకు అదే సరిపోతుంది. తేడా ఉంటే డాక్టరే మళ్ళీ రమ్మంటాడు. పరగడుపు కుదరలేదని ఏళ్ళ తరబడి పరీక్ష మానుకోవటం కంటె, తిని అయినా ఒకసారి చూపించుకోవటం ఎంతో మేలు.